పదకొండు ఒకట్లు

ఒకటి అంకెను వరసగా పదకొండుసార్లు రాస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్యేనని, అంటే ఒకటీ తనూ తప్ప మరేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదని, మా అన్నయ్య తేల్చాడు.

ఆయన ఏలూరులో హైస్కూలు లెక్కల మాస్టరు. క్షయ అని తెలిశాక సెలవు మీద కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊరు వచ్చేశాడు. అమ్మ ఆయన కంచం, చెంబు వేరు చేసింది. జ్వరం తన బుర్రను తాకలేదని తనకు రుజువైతే మళ్లీ బడికి వెళ్లాలని ఆయన ఆశ. ఆ రుజువు కోసమే ఈ సంఖ్యను పట్టుకున్నాడు.

దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని ఇరవై రెండుతో భాగించినప్పుడు ఒకటి మిగలాలి. కనుక 23, 67, 89, 199, ఇలా లక్షా అయిదు వేలు దాటేదాకా చూస్తే చాలు. అయినా దాదాపు వెయ్యి భాగహారాలు. అన్నీ పలక మీదే చేశాడు. ఆయన ముట్టుకున్న కాగితం ఇంకెవరూ ముట్టుకోరు, పలకైతే కడగవచ్చు. ప్రతి లెక్కనూ బడిలో నేర్పే పద్ధతిలో, అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి, సరిచూసుకుని చెరిపేసేవాడు.

నేను ఏలూరు కాలువల ఆఫీసులో ఓవర్సీరుని. మా ఆఫీసు లెక్కల మిషను మీద ఇంకోసారి చూడమని అన్నయ్యే అడిగాడు. భోజనాల వేళ కూర్చుని హ్యాండిలు తిప్పేవాణ్ణి. 21649 దగ్గర శేషం సున్నా వచ్చింది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక పడవెక్కి వెళ్లి చెప్పాను. నవ్వాడు.

"మిషనుకి నూనె పెట్టారాండీ, ఓవర్సీరు గారూ?"

పలక తీసుకుని నా ఎదుటే భాగించాడు. భాగఫలం 513238, శేషం 20749. తొమ్మిదులు తీస్తే అటూ ఇటూ రెండే మిగిలింది. నిజానికి మధ్యలో 8443 మిగలాల్సిన చోట 8434 అని వేశాడు. అంకెలు తారుమారైనా వాటి మొత్తం మారదు కనుక ఆ తనిఖీకి ఇది దొరకదు.

"అన్నయ్యా, ఈ మూడూ నాలుగూ ఒకసారి చూడండి," అన్నాను.

చాలాసేపు చూశాడు. అక్కడి నుంచి చెరిపి మళ్లీ చేశాడు. 513239, శేషం సున్నా.

"మొదటిసారీ ఇలాగే వేసుంటాను," అన్నాడు. దగ్గు తగ్గాక మళ్లీ అన్నాడు: "పరీక్ష పేపర్లు జ్వరంలోనే దిద్దాను. ఎవరెవర్ని తప్పించానో."

నేను పేపర్లు వేరు, ఇది వేరు అన్నాను. ఆయన వినలేదు.

"హెడ్మాస్టరు గారితో చెప్పెయ్. ఇంక నేను రానని."

మర్నాడు వెళ్లి చెప్పాను. అన్నయ్య చోట్లో అప్పటికే ఒకతను పాఠం చెబుతున్నాడు.

అన్నయ్య మళ్లీ పలక అడగలేదు. వానలు పడి కొల్లేటి నీళ్లు పెరట్లోకి వచ్చిన రోజుల్లో పోయాడు. చాప, దుప్పటి, తలగడ అమ్మ తగలబెట్టించింది. పలకను మాత్రం వేణ్నీళ్లతో కడిగి చూరు కింద ఆరబెట్టింది.