మూడు బిట్లలో పట్టని బుధవారం

బర్మాలోని మా బోటాటౌంగ్‌ పేటలో మా బావ ఇక్కడి పద్ధతిలో జాతకాలు చెబుతాడు. ఆయన పాత కంప్యూటర్‌కు ఫైల్ సిస్టమ్ నేనే రాసిచ్చాను. మెమరీ చాలడం లేదంటే, ప్రతి ఫైలు రికార్డులో పుట్టిన రోజు కోసం వాడిన ముప్పై రెండు బిట్లను మూడుకు కుదించాను. మూడు బిట్లలో ఎనిమిది అంకెలు పడతాయి. వారానికి రోజులు ఏడు కదా, మిగిలిన అంకెకు ‘ఈ గడి ఖాళీ’ అని అర్థం పెట్టాను.

ఇక్కడి జాతకాల్లో బుధవారం ఉదయం ఒక రోజు, మధ్యాహ్నం ఇంకో రోజు; వారానికి మొత్తం ఎనిమిది. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే అయినా అలవాటుగా మన తెలుగిళ్లలోని ఏడు రోజుల లెక్కే రాశాను. నేను ఖాళీకి ఇచ్చిన అంకె బావ పట్టికలో బుధవారం మధ్యాహ్నానిది. ఆ పూట పుట్టినవాళ్లంతా మాయమయ్యారు, బావ భార్య అయిన మా అప్పతో సహా.

“ఏట్రా, నాను బతికుండగానే ఖాళీ జాగా సేసేసినావా?” అంది అప్ప.

నాలుగో బిట్టు చేర్చాక అందరూ తిరిగొచ్చారు, ఒక్క అప్ప తప్ప. ఆమె గడి ఖాళీ అనుకుని కంప్యూటర్ అప్పటికే కొత్త మనిషి జాతకం అందులో రాసేసింది. బావ మళ్లీ రాయడానికి కూర్చున్నాడు. అప్ప పక్కనే కుర్చీ వేసుకుంది.

“పాతదాన్లో కోపం ఎక్కువని ఉండీది,” అన్నాడు బావ.

“అది రాయకు. మొగుడు మాట ఇంటాడని రాయి.”

బావ అలాగే రాశాడు.