వంతెన కింద ఆగిన కాలువ

జిల్లాలు విడగొట్టిన మరుసటి దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, నన్ను కోనసీమలోని ఒక కాలువ సబ్ డివిజన్‌కు డీఈఈగా వేశారు. డీఈఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. కింద సెక్షన్ ఇంజనీర్లు, లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కర్లు. ఇక పైన అందరూ ఉంటారు.

మా శాఖ కాగితాల్లో కాలువంటే రెండు గట్ల మధ్య తవ్విన దారి. డెల్టా రైతుకు మాత్రం కాలువంటే అందులో వచ్చే నీరు. అందుకే ‘ఈ ఏడు కాలవ ఆలస్యం’, ‘కాలవ కట్టేశారు’ అంటారు. ఆ మాటలోని ‘కాల్’ నీరు పారే దారికి పాత ద్రావిడ పదం. తమిళుల కాల్వాయ్, కన్నడిగుల కాలువె దాని తోబుట్టువులు. మనం నడిచే కాలూ అదేనా అంటే, అవునని కొందరు, కాదని కొందరు. నాకు రైతు చెప్పే అర్థమే నచ్చుతుంది. నీరు నడవని కాలువ ఎంత పొడవుంటే ఎవరికి కావాలి?

ఆ వేసవి మరమ్మతుల కోసం నీరు ఆపి కాలువలు కట్టేసే గడువు దగ్గరపడింది. దాన్ని పొడిగించే అధికారం నాకు లేదు. అప్పుడు కాలువ చివరనున్న శివారు నుంచి సత్యవతి అనే కౌలు రైతు ఫోన్ చేసింది. “గేజీ నిండుగా ఉందంటారేంటండీ? మాకు చుక్క రావట్లేదండి. చేను పాలు పోసుకుంటోంది. ఈ తడి అందకపోతే తాలే మిగుల్తుందండి.”

గేజీ నీటి ఎత్తు చెబుతుంది, కదలిక చెప్పదు. గేజీ దగ్గరకు వెళ్ళి ఒక కొబ్బరి డొక్క నీటిలో వేశాను. అది ఎక్కడ వేశానో అక్కడే కూర్చుంది. గట్టు వెంట కిందకు నడిస్తే, వంతెన కింద నీరు పారే ఖానాల్లో గుర్రపుడెక్క బిగుసుకుపోయి ఉంది. మనుషుల్ని పిలిపించి కోయించబోతే ఎగువ రైతు వెంకట్రాజు గారు అడ్డం వచ్చారు. నాకు ఒళ్ళు మండింది. పోలీసుల్ని పిలవమంటారా అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. “పిలవండి మేడమ్. ఈ డెక్క అడ్డుండబట్టే మా మెరక చేలకి నీరెక్కుతోందండి. మావీ చేలే కదండీ.”

వెళ్ళి చూశాను. నిజమే, మెరక చేను సగం తడిసింది, సగం నెర్రెలు విచ్చి ఉంది. సత్యవతికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాను. శివారులో తోడటానికి నీళ్ళు లేక ఆయిల్ ఇంజన్లు ఊరికే పడి ఉన్నాయట. “డెక్క తీసేసినా ఆళ్ళ మెరకకి నీరు తోడాలంటే ఇంజన్లే కదండీ కావాల్సింది? పట్టుకొస్తాం,” అంది. మధ్యాహ్నానికి ఇంజన్లు ట్రాక్టరెక్కి వచ్చాయి.

మెరక చేలో నీళ్ళు పడటం చూశాక వెంకట్రాజు గారు పంచె ఎగ్గట్టి, కొక్కెం కర్రతో తనే కాలువలో దిగారు. డెక్క విడిపోయింది. మర్నాడు పొద్దున్నే సత్యవతి ఫోన్. “కాలవొచ్చేసిందండీ!” అంటూ ఒకటే నవ్వు. హమ్మయ్య అనుకున్నాను. చాలా రోజులకు ఆ పూట అన్నం సహించింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఒకటే పద్ధతి పాటించాను. కాలువలో అడ్డు తీసే ముందు, దాని మీద ఎవరి చేను బతుకుతోందో కనుక్కోవాలి. ఆ చేనుకు నీరు చూపిస్తే, అడ్డు వాళ్ళే తీస్తారు.