రెండు గిన్నెల ఆట

రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడానికి రెండేళ్ల ముందు, అబిడ్స్‌లో మా గుడి ఆవరణలో నడిచే చిన్నపిల్లల సండే స్కూలు నా చేతిలో ఉండేది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మా మిషను దొరసానమ్మ సెలవుకు తన దేశం వెళ్లి తిరిగొస్తూ, తాళం తిప్పితే నడిచే చిన్న సినిమా కెమెరా తెచ్చింది. అక్కడి సంఘాలకు ఇక్కడి పిల్లల్ని చూపించాలని ఆమె కోరిక. మొదటి రీలుకు పిల్లల్ని వరుసగా నిలబెట్టి చేతులు జోడించమన్నాం. అది బొంబాయి వెళ్లి, కడిగించుకుని తిరిగొచ్చాక చూస్తే, అందరూ సూది వేయించుకోవడానికి నిలబడ్డవాళ్లలా ఉన్నారు.

అప్పుడు నేనే చెప్పాను, పిల్లలు తమంతట తాము ఆడే ఆటలే తీద్దాం, మనం నోరు విప్పొద్దు అని. దొరసానమ్మ ఒప్పుకుని కెమెరా నా చేతికే ఇచ్చింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నాంపల్లి స్టేషనుకు వచ్చే రైలయ్యారు. దవాఖాన పెట్టి, ఇటుకకు జ్వరం వచ్చిందని నుదుటి మీద తడిగుడ్డ వేశారు. ఇటుకకు నుదురు ఎక్కడుందో వాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

ఆటలన్నిటికీ పెద్ద ఒక ఆరేళ్ల పిల్ల. వాళ్ల నాయన స్టేషనులో రైలు పెట్టెలు ఊడ్చేవాడు. తల్లి లేదు, నాయనమ్మే పెంచింది. ఆ ఏడు మిషను బోర్డింగు బడిలో ఆ పిల్ల పేరు రాసుకున్నారు. పాస్టరుగారి సిఫారసు ఉత్తరం ఒక్కటే రావాలి. ఆ ఉత్తరం లేకపోతే ఆమెకు చదువు లేదు.

ఒక శనివారం ఆ పిల్ల గుడి ఆట మొదలుపెట్టింది. నా నల్ల శాలువా కప్పుకుని తానే పాస్టరయింది. రొట్టె ముక్కలు, చింతపండు నీళ్లు సిద్ధం చేసుకుంది. ముందు కూర్చున్న పిల్లలకు నా పింగాణీ కప్పు అందించింది. వెనక వరుసకు తగరపు డబ్బా తీసి, చేయి బారుగా చాపి, ముఖం పక్కకు తిప్పుకుని ఇచ్చింది. నేను నవ్వు ఆపుకుంటూ కెమెరా నడిపాను.

మా గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనానికి రెండు గిన్నెలుండేవి. బల్లల మీది కుటుంబాలకు వెండిది. వెనక చాపల మీద కూర్చునే కూలీ కుటుంబాలకు ఇత్తడిది. జనం ఎక్కువైనందుకే రెండు అని పెద్దలు చెప్పేవారు, నేను నమ్మేదాన్ని. ఇక ఆ ముఖం తిప్పడం నేనెన్నడూ చూడలేదు. ఆ సమయంలో మేమందరం తలలు వంచి కళ్లు మూసుకుంటాం. తెరుచుకుని ఉండేవి పిల్లల కళ్లే.

రీలు తిరిగొచ్చింది. మధ్యాహ్నం పూట కిటికీలకు కంబళ్లు కట్టి, సంఘమంతటికీ చూపించాం. రైలుకు నవ్వారు, ఇటుకకు నవ్వారు. శాలువాలో పిల్ల కనబడగానే పాస్టరుగారు కూడా నవ్వారు. తగరపు డబ్బా వచ్చింది. పిల్ల ముఖం తిప్పింది. ముందు బల్లలు చప్పుడు లేకుండా అయిపోయాయి. వెనక చాపల మీది నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"ఔ, గట్లనే తిప్పుతడు మొకం. మా పోరి మంచిగ చూసింది."

చాపల మీదున్నవాళ్లంతా నవ్వారు. అంత నవ్వు ఆ గుడిలో నేను మళ్లీ వినలేదు.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. పరిశుద్ధమైనదాన్ని ఎగతాళి చేసిందెవరని అడిగారు. గిన్నెల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దొరసానమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి తీర్పు చెప్పారు: వచ్చే ఆదివారం పిల్ల సంఘం ముందు నిలబడి, తాను చూపించింది అబద్ధమని చెప్పాలి. చెబితే ఉత్తరం ఇస్తారు. ఆ మాటలు నేర్పించే పని నాది.

మనం నోరు విప్పొద్దన్నదాన్ని నేను. వారమంతా ఆ పిల్లను ఎదురుగా నిలబెట్టుకుని, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల దించాలో నేర్పాను. గురువారం అనుకుంటాను, ఆ పిల్ల అడిగింది.

"ఇది కూడ ఆటేనా టీచరమ్మా?"

ఔనన్నాను.

ఆదివారం ఒక్క మాట తప్పలేదు. "నేను చూపించింది అబద్ధం, నన్ను క్షమించండి" అంది. పెద్దలు ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. తర్వాత ఆ ముక్క రీలు లోంచి కోసేసి, రెండు కొసలూ జిగురు పెట్టి అతికించింది కూడా నేనే. ఎక్కడ అతికించానో కనబడకుండా చేశానని దొరసానమ్మ మెచ్చుకుంది.

ఉత్తరం పట్టుకుని స్టేషను వెనక వాళ్ల గుడిసెకు వెళ్లాను. నాయనమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది. ఉత్తరం మాత్రం అందుకోలేదు.

"నువ్వు రోజు వాక్యం చదివేదానివే గద బిడ్డా," అంది నెమ్మదిగా. "తను చూసింది నిజమా అబద్ధమా అని పోరి నన్నడుగుతున్నది. ఏం చెప్పమంటవు?"

పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నావైపే చూస్తోంది. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే నాయనమ్మ సంఘంలో చెబుతుంది, నా సండే స్కూలు పోతుంది, ఇదంతా ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. ప్రభువును మూడుసార్లు ఎరుగనన్న శిష్యుడి గురించి పిల్లలకు ఏటా పాఠం చెప్పేదాన్ని. అతనికి తప్పు గుర్తుచేయడానికి కనీసం కోడి కూసింది. ఉత్తరం చాప మీద పెట్టి, వందనాలు చెప్పి వచ్చేశాను.

జూన్‌లో బళ్లు తెరిచారు. హాజరు పిలుస్తుంటే నేను వెళ్లి బోర్డింగు బడి వరండాలో నిలబడ్డాను. ఆ పిల్ల పేరు రెండుసార్లు పిలిచారు, ఎవరూ పలకలేదు. పంతులమ్మ తర్వాతి పేరుకు వెళ్లింది.