అలుగు గోడ మీద కుంకుమ

నేను రిటైరవడానికి ముందు ఏడాది, ఆగస్టు చివర్లో, న్యూజెర్సీ ఉత్తరాన కొండల్లో ఉన్న ఒక ప్రైవేటు చెరువు కట్ట తనిఖీ నాకు పడింది. ఒక కన్సల్టింగ్ కంపెనీలో నేను ఇన్‌స్పెక్షన్ టెక్నీషియన్ని. కట్ట నడిచి, కొలిచి, ఫొటోలు తీసి రాసివ్వడం నా పని. సంతకం, ముద్ర మా ఇంజనీరు స్టీవ్‌వి. నాకు అక్షరాలు పెళ్లయ్యాక వచ్చాయి, కాలేజీ చదువు ఈ దేశంలో నలభై దాటాక. మెత్తగా రాయడం నేర్చుకునే టైము లేకపోయింది.

చట్టం రాకముందే కట్టిన కట్టకి ఆ చట్టం వర్తించదని ఇక్కడ చాలామంది ఓనర్లు అనుకుంటారు. వర్తిస్తుంది. ఇల్లు కొన్నవాడు కట్టని కూడా కొన్నట్టే. గడువు ప్రకారం తనిఖీ చేయించాలి. నీటిమట్టం మార్చే ఏ పనికైనా ముందే రాష్ట్రం దగ్గర పర్మిట్ తీసుకోవాలి. ఈ కట్టది హై హజార్డ్ తరగతి. అంటే కట్ట బాగాలేదని కాదు, తెగితే కింద మనుషులు పోతారని.

తనిఖీ కింద నుంచి మొదలుపెట్టడం నా అలవాటు. కట్ట కింద ఒకటే ఇల్లు. ఒక ముసలాయన, మంచం దిగలేని ఆయన భార్య. ఈ నెల మొదట్లో వాగు రెండు రోజులు ఎండిపోయి, తర్వాత ఒక్కసారిగా వచ్చిందని ఆయన చెప్పాడు. అది మనసులో పెట్టుకుని పైకి వెళ్లాను.

ఓనరు శ్రీకాంత్ తెలుగువాడే, పార్సిప్పనీలో ఉద్యోగం. నన్ను చూడగానే, "ఆంటీ, మీరు మనవాళ్లేనా! హమ్మయ్య" అన్నాడు. ఆ హమ్మయ్య నాకు నచ్చలేదు. తనిఖీకొచ్చిన మనిషిని చూసి ఎవరూ ఊపిరి పీల్చుకోరు.

నీళ్లు అలుగు అంచు దగ్గర ఉన్నాయి. చెరువు నిండాక మిగులు నీరు పోయే కాంక్రీటు దారే అలుగు, ఇక్కడివాళ్ల స్పిల్‌వే. కానీ కట్ట లోపలి వాలు మీద, నీళ్లకి మోకాలెత్తు పైన, బురద చార ఎండి ఉంది.

"వాన పడిందాంటీ."

"మా ఇంటి ముందు గడ్డి మొత్తం మాడిపోయింది. వాన మీ చెరువు ఒక్కదాని మీదే పడిందా?"

నవ్వాడు. నేను నవ్వలేదు.

అలుగు పక్క గోడలకి ఎదురెదురుగా కొత్త ఇనుప గాడులు బిగించి ఉన్నాయి. పగుళ్లకి సపోర్ట్ అన్నాడు. వంగి చూశాను. గాడి పైన పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టారు. ఎరుపు సగం కారిపోయింది. ఇంకెవరైనా తుప్పనుకుని దాటిపోయేవాళ్లు. పగులు పూడ్చి ఎవరూ బొట్టు పెట్టరు. కొత్త పని మొదలుపెడితే పెడతారు.

అతని భార్య మాధవి టీ పట్టుకొచ్చింది.

"పూజ బాగా చేశారమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "పలకలు దించేముందు కొబ్బరికాయ కూడా కొట్టామాంటీ! పోయినేడు నిమజ్జనంలో వినాయకుడు నడుం దాకే మునిగాడు, చూడలేకపోయాం. అందుకే ఈసారి వాటర్ లెవెల్ కొంచెం పెంచి ట్రయల్..."

"మాధూ," అన్నాడు శ్రీకాంత్.

వాగు రెండు రోజులు ఎందుకు ఎండిందో అర్థమైంది. గ్యారేజీ తియ్యమంటే, పలకలు కారు వెనకాల దొరికాయి. అలుగుకి అడ్డంగా ఆ గాడుల్లోకి వాటిని దించితే చెరువు లోతవుతుంది, వరద వస్తే పోవడానికి దారి ఉండదు. నీళ్లు మట్టికట్ట మీంచి పొర్లి దాన్ని కోసేస్తాయి. పైగా సెప్టెంబరు ఇక్కడ తుఫాన్ల నెల.

"పాత డ్యామ్ ఆంటీ, పర్మిట్ అక్కర్లేదని మా గ్రూప్‌లో చెప్పారు."

"మీ గ్రూప్‌లో కట్టలు చూసేవాళ్లు ఎంతమంది?"

"అందరం ఐటీయే," అని ఒప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్క వీకెండ్ ఆంటీ. ఎడిసన్ నుంచి కూడా వస్తున్నారు. సోమవారం తీసేస్తా. మీరు మాత్రం రిపోర్ట్ చెయ్యకండి, ప్లీజ్."

"కిందాయనకి చెప్పావా?"

"ఆయనకెందుకు? అన్నిటికీ కంప్లైంట్ చేసే టైపు."

"ఆయన భార్య లేచి నడవలేదు. తెలుసా?"

తెలియదన్నాడు. పొరుగున ఉండి ఒక్కసారీ ఆ తలుపు తట్టలేదు.

కారెక్కే ముందే స్టీవ్‌కి ఫోన్ చేశాను. స్టీవ్ వెంటనే కట్టల భద్రత చూసే రాష్ట్రం ఆఫీసుకి తెలిపాడు. గాడులు తీసెయ్యాలని, పర్మిట్ లేకుండా మట్టం పెంచకూడదని ఓనరుకి ఆర్డరు వచ్చింది. పండుగ వారంలోనే పెద్దవాన కురిసింది. అలుగు ఖాళీగా ఉండి కూడా నీళ్లు ఆ బురద చారని ముట్టుకున్నాయి. పలకలుంటే ఏమయ్యేదో నేను లెక్క కట్టలేదు కాబట్టి చెప్పను. కిందింట్లోకి నీళ్లు రాలేదు. వినాయకుడు ఆ ఏడూ నడుం దాకే మునిగాడట. నన్ను పిలవలేదు.

తప్పు చేస్తున్నానని అనుకోనివాడు పర్మిట్ అడగడు, దేవుడికి మాత్రం చెప్పుకుంటాడు. అందుకని భక్తిపరుల కట్టనీ, మనవాళ్ల కట్టనీ తక్కిన కట్టల్లాగే చూడాలి. నేను నేర్చుకున్నది ఇదే.

మరుసటి వసంతంలో మళ్లీ చూడ్డానికి వెళ్లాను. గాడులు లేవు. బోల్టుల కంతలు సిమెంటుతో నింపారు. గోడ మీద బొట్టూ లేదు. అయినా గ్యారేజీ తలుపు తియ్యమన్నాను.