గుమ్మం ముందే ఆగిన అంబాసిడర్

ఆ రోజుల్లో ఇంటికి దారి చెప్పడమంటే ఒక విద్య. ఇప్పటిలా ఫోనులో లొకేషన్ పంపేసి చేతులు దులుపుకుంటే కుదిరేది కాదు. బస్సు ఎక్కడ దిగాలి, ఏ కిరాణా కొట్టు పక్కనుంచి లోపలికి రావాలి అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాలి. మా ఇంట్లో దీనికి తోడు ఇంకో తిరకాసు ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇల్లు ఎక్కడుందో అందరికీ తెలుసుగానీ, అది ఉన్న దారిని ఏమనాలో మాత్రం తేలేది కాదు. మేడమీద ఉండే మా ఓనరాంటీ నల్గొండ దగ్గర పల్లెనుంచి వచ్చిన మనిషి. ఆవిడకు అది గల్లీ. గల్లీ దాటితే బజారు, బజారు చివర చౌరస్తా, అక్కడికి పోయేది తొవ్వ. నాన్న ఉద్యోగం కోసం గోదావరి జిల్లానుంచి వచ్చిన మా అమ్మకు మాత్రం అది వీధి. నాన్న ఓసారి నోరుజారి "మా సందులో" అన్నందుకు ఆ పూట పప్పులో ఉప్పు పడలేదు. (సందంటే మనుషులు పక్కకు తిరిగి నడిచేదట, గొందంటే చివర గోడ అడ్డం వచ్చేదట, కాబట్టి మనది వీధేనట. నిజానికి ఎదురుగా గేదె వస్తే మేం ఎవరి మెట్లో ఎక్కి నిలబడాల్సిందే.)

అలాంటి సమయంలో నాకు పెళ్ళి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మొదటి రెండూ తప్పిపోయాయి, నాకేమీ దిగులనిపించలేదు. మూడోది గుంటూరు వాళ్ళది. అబ్బాయి ఫొటో చూశాక మాత్రం మనసు మనసులో లేదు. ఫొటోగ్రాఫరు గంభీరంగా ఉండమన్నట్టున్నాడు, పాపం ఆ మనిషి నవ్వాపుకోలేక అవస్థపడుతున్నాడు. ఇతను నన్ను వద్దంటే ఎలా అని, చూడకముందే నాకు బెంగ పట్టుకుంది. (ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనుకున్నవన్నీ పైకి చెప్పే రోజులా అవి?) పెళ్ళిచూపులకు ముందురోజు, మలక్‌పేటలో బంధువులింట్లో దిగిన అబ్బాయి తండ్రి ఫోన్ చేశారు. వాళ్ళ మామ్మగారికి మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు కూడా వేయలేరు, కారు ఇంటిదాకా వస్తుందా అని అడిగారు. నాన్న ఏదో చెప్పబోతుంటే అమ్మ ఫోను లాక్కుంది.

"ఎందుకు రాదండీ? మాది వీధండీ. సరిగ్గా గుమ్మం ముందే ఆగుతుంది."

అన్నట్టే ఆగింది. మా అమ్మ నోటి మహిమ అలాంటిది. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం, ఈలోగా చూపులు అయిపోవాలని మామ్మగారి పట్టుదల. నాలుగవుతుండగా తెల్ల అంబాసిడర్ ఒకటి హారన్ కొట్టుకుంటూ, ఒక్కో ఇంటి మెట్టునీ రాసుకుంటూ వచ్చి మా గుమ్మం ముందు ఇరుక్కుంది. ముందు కరెంటు స్తంభం. రెండు పక్కలా ఇళ్ళ మెట్లు, ఏ తలుపూ జానెడుకు మించి తెరుచుకోదు. వెనక్కి తీద్దామంటే, మూలమీద ఇంకో అంతస్తు కట్టుకుంటున్న వాళ్ళకోసం ట్రాలీ ఆటో అప్పుడే వచ్చి గల్లీ మధ్యలో ఇసుక గుమ్మరించి పోయింది. కారులో అరడజను మంది చెమటలు కక్కుతూ కూర్చున్నారు. నాన్న తలుపు లాగి చూశారు, డ్రైవరు తోసి చూశాడు, అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి "రండి, రండి" అంటూనే ఉంది. నేను లోపల కిటికీలోంచి చూస్తూ, ఇక ఈ సంబంధం కూడా గల్లీలో కలిసిపోయినట్టేనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కాటుక కూడా కరిగింది.

అప్పుడు దిగింది మేడమీదనుంచి ఓనరాంటీ. ఇసుక దగ్గరున్న కూలీలను కేకేసి పారలు పట్టించింది. కారు చుట్టూ ఓసారి చూసింది, టైమెంతయిందని అడిగింది.

"ఇసుక తీసెటాళ్ళకు మీ రాహుకాలం రానే వస్తది. అద్దాలు దించుండ్రి. పిల్లను గీ మెట్టు మీద కూసోబెట్టుండ్రి. చూసుడే గద!"

మామ్మగారు ముందు సీట్లోంచి సరేనన్నారు. అలా నేను పట్టుచీరలో, పక్కన కాఫీ పళ్ళెం పెట్టుకుని, కారు కిటికీకి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. పైనుంచి గల్లీ గల్లీ అంతా చూస్తోంది. కాఫీలు కిటికీలోంచి చేతులు మారుతూ లోపలికి వెళ్ళాయి. తీరా చూస్తే అబ్బాయి అవతలి కిటికీ పక్కన ఉన్నాడు. పెళ్ళిచూపులకని గుంటూరునుంచి వచ్చి అతను చూస్తున్నది ఎదురింటి వాళ్ళు ఆరేసిన లుంగీ. అతని దాకా వచ్చేసరికి కప్పులో మిగిలింది ఒక గుక్క. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత కిటికీలోంచి సగం బయటికొచ్చి, కారు పైకప్పు పట్టుకుని పైకి పాకి, అటునుంచి ఇటు దాటి మా మెట్ల మీదకు దిగాడు. డాబాల మీద పిల్లలు ఈలలు వేశారు.

నిలబడటానికి ఇంకెక్కడా చోటు లేదు. అదే మెట్టు మీద పళ్ళేనికి ఇటు నేను, అటు అతను కూర్చున్నాం. అతను తల వంచి మెల్లిగా అడిగాడు.

"ఫోన్లో వీధి అన్నారు. ఇది వీధేనాండీ?"

వెనక గుమ్మంలో అమ్మ. అబద్ధం చెబుదామంటే కారు సాక్షిగా ఎదురుగా ఉంది. గొంతు తగ్గించాను.

"గల్లీ అండీ. మా అమ్మ ముందు మాత్రం అనకండి."

అతని మొహం అచ్చం ఆ ఫొటోలోలాగే అయింది. పెదాలు బిగబట్టి కాసేపు తంటాలు పడ్డాడు, ఇక తట్టుకోలేక పక్కున నవ్వేశాడు. అది చూసి నాకూ ఆగలేదు. కారులోంచి మామ్మగారు, వీడు నవ్వాడంటే అయిపోయినట్టే, ఇంక ఆ మిగతా కాఫీ కూడా ఇటు అందించండి అన్నారు. అలా రాహుకాలం రాకముందే నా పెళ్ళి కుదిరింది. ఇసుక తీసి, కారు వెనక్కి కదిలి, వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ నావైపు తిరిగి, గుమ్మం ముందే ఆగుతుందని చెప్పానా లేదా అంది.

ఇప్పుడు మేం ఎల్బీనగర్‌లో నలభై అడుగుల రోడ్డు మీద ఉంటున్నాం. కారు గేటులోకే వస్తుంది, ఎవరి మెట్టూ ఎవరికీ తగలదు. ఎదురింట్లో ఎవరుంటారో ఈ మధ్యే తెలిసింది. బోనాలకు మాత్రం ఓనరాంటీ పిలుపు తప్పదు. ఈసారి కూడా కారు మెట్రో స్టేషను దగ్గరే వదిలి నడిచి వెళ్ళాం. గల్లీ ఇంకా చిక్కిపోయింది, ఇళ్ళు మాత్రం పైకి పెరిగాయి. ఓనరాంటీ అదే మెట్టు మీద కూర్చుని మాకోసం ఎదురుచూస్తోంది. మా ఆయన్ని ఎగాదిగా చూసి నాతో అంది.

"ఆనాడు కారు మంచిగ ఇరికింది బిడ్డా. జర జాగ ఉంటే గీయన చాయ్ తాగి, పోయి కబురు జేస్తమని పోతుండె."

ఆవిడ పూజకు లోపలికి వెళ్ళాక మా ఆయన ఆ మెట్టు మీద కూర్చుని నన్నూ రమ్మన్నాడు. ముచ్చటపడి వెళ్ళాను. ఎంత సర్దుకున్నా ఒకరు లేస్తేగానీ ఇంకొకరు కూర్చోలేకపోయాం. ఆనాడు మధ్యలో కాఫీ పళ్ళేనికి కూడా చోటిచ్చిన మెట్టు అది.