రెన్స్కే గుడారం, ఎవరూ చెయ్యి వేయకుండా

మా పక్కింటి రెన్స్కే పుట్టింది సరుకులు మోసే పడవలో. తండ్రి ఏ కాలువలో పడవ ఆపితే అదే ఆమె ఊరు. పెళ్ళయ్యాక కదలని ఇంట్లో పడుకోవలసి వచ్చి కొన్నాళ్ళు నిద్రే పట్టలేదట. స్నేక్ అనే ఊళ్ళో తెరచాపలు కుట్టే షెడ్డులో చేరి, మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే కుట్టింది. భర్త వీబే ఒక మడత ట్రైలర్ కొన్న రోజున ఆమె మొహం చూడాలి! కారు వెనక తగిలిస్తే అదొక పెట్టె, విప్పితే మంచంతో సహా గుడారం. కదిలే ఇల్లు మళ్ళీ దొరికింది.

ప్రతి వేసవికీ సరస్సు గట్టున అదే క్యాంపుకు వాళ్ళూ వెళ్ళేవారు, మేమూ వెళ్ళేవాళ్ళం. గుడారం వేసేది వీబే. రెన్స్కే పక్కన నిలబడి మేకులు అందించేది. అందువల్ల వీబే పోయాక, ఇక ఆ బండి మూలన పడ్డట్టేనని అందరం అనుకున్నాం. కానీ ఆమె ఒక్కతే దాన్ని తీసుకుని బయలుదేరింది. కిందటి శరదృతువులో గుడారం తాడు కాలికి తగులుకుని పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది.

అప్పుడు కూతురు సీత్స్కే వచ్చింది. బస్సు నడుపుతుంది, మాట కూడా బ్రేకు వేసినట్టే ఉంటుంది. వంటింటి బల్ల దగ్గర నేనూ ఉన్నాను. ఉండకుండా ఎలా ఉంటాను?

"కొనేవాళ్ళు దొరికారమ్మా. అమ్మేద్దాం."

"నా చెయ్యి విరిగితే బండి ఏం పాపం చేసిందే?"

"ఈసారి తుంటి విరిగితే?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వేసవిలో సీత్స్కే చూస్తుండగా, రెన్స్కే ఒంటరిగా గుడారం వేసి, అందులో కాఫీ కాచి ఇవ్వాలి. ఎవరూ చెయ్యి వేయకూడదు. వేస్తే బండి అమ్మేయాలి.

వినడానికి ఇది చిన్న షరతే. కానీ మా క్యాంపుల సంగతి తెలిసినవాళ్ళకు గుండె జారుతుంది. కొత్త బండి లోపలికి వస్తే చాలు, అందరూ కాఫీ కప్పులతో కుర్చీలు అటు తిప్పుకుంటారు. కాసేపు చూస్తారు. తరవాత ఒకాయన లేచి "అలా కాదండీ" అంటాడు. ఇంకొకాయన సుత్తి లాక్కుంటాడు. ఇక బండిగలవాడు పక్కన నిలబడి నవ్వుతూ ఉండాల్సిందే.

ఆ చలికాలమంతా రెన్స్కే కొట్టంలో దీపం వెలుగుతూనే ఉంది. నేను ఊరుకోలేక ఒకరోజు తొంగిచూశాను.

"ఏం కుడుతున్నావే?"

"గుడారం అంచుకి ఉంగరాలు. కొక్కెంతో లాగితే గుడ్డ నా వైపుకు రావాలి. నేను పైకెక్కక్కర్లేదు."

తండ్రి పడవను గట్టుకు లాగే పొడుగాటి కొక్కెం కర్ర గోడకు ఆనించి ఉంది. తాళ్ళన్నీ పసుప్పచ్చవి, కాలికి తగలకముందే కంటికి కనబడేవి. గొట్టాలకు రంగు టేపులు: ఎరుపు ఎరుపులోకి, నీలం నీలంలోకి. మోకాళ్ళ కిందికి మందపాటి మెత్త. మేకులు పీకే కొంకి. దొర్లించుకుపోయే చక్రాల నీళ్ళ డబ్బాలు రెండు.

"వీబేకి ఇవేవీ లేవు కదా?"

"వీబేకి నేనున్నాను."

వేసవిలో అనుకున్న రోజు మధ్యాహ్నం క్యాంపులో కుర్చీలన్నీ తిరిగాయి. సీత్స్కే ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. నేను యోఖెమ్ పక్కన చేరాను. ఆయన మా క్యాంపుకు పెద్ద సలహాదారు. ఆయన్ని పట్టుకునేవాళ్ళు ఒకరుండాలి.

రెన్స్కే చక్రం కింద చెక్కదిమ్మ పెట్టి, రసమట్టం చూసుకుంది. బండి కాళ్ళు దించింది. తరవాత గుడారం విప్పకుండా, డబ్బాలు దొర్లించుకుంటూ కుళాయి వైపు నడిచింది.

"అక్కా! ఇల్లే లేదు, నీళ్ళెందుకు?" యోఖెమ్ అరిచాడు. చుట్టూ నవ్వులు. మా దగ్గర నీళ్ళు పట్టడం ఎప్పుడూ చివరి పని.

ఆమె కుళాయి తిప్పింది. నిండిన డబ్బాలను సరస్సు వైపు మూలల్లో పెట్టి, పెట్టెలోంచి గుడారం అంచు తాళ్ళు బయటికి లాగి వాటి పిడులకు కట్టింది. అప్పుడు బండి మూత ఎత్తి గుడ్డ విప్పింది. సగం పైకి లేచిందో లేదో, సరస్సు మీద నుంచి గాలి కొట్టింది. గుడ్డ తెరచాపలా ఉబ్బి, బండి మీదుగా ఎగిరింది. గొట్టం ఒకటి ఊడి గడ్డిలో పడింది.

యోఖెమ్ లేచాడు. నేను చొక్కా పట్టి కూర్చోబెట్టాను. కానీ సీత్స్కేని ఎవరు పట్టుకుంటారు? చేతులు చాపుకుని పరుగెత్తింది.

"ఆగు! ముట్టుకున్నావంటే బండి పోతుంది!" రెన్స్కే అరిచింది.

"నువ్వు పోతావేమోనని నా భయం!"

"అక్కడే నిలబడి భయపడు."

సీత్స్కే నిలబడిపోయింది, చేతులు గాల్లోనే ఉన్నాయి. రెన్స్కే గుడ్డతో పెనుగులాడలేదు. వెనక్కి వెళ్ళి అవతలి తలుపు జిప్పు పైదాకా లాగింది. ఇటు దూరిన గాలి అటు పోయింది, పొంగిన పాలు దించినట్టు గుడ్డ కూలబడింది. నిండు డబ్బాలకు కట్టిన మూలలు మాత్రం అంగుళం కదలలేదు. ఖాళీ పడవనే గాలి ఆడిస్తుందని వాళ్ళ నాన్న అనేవాడట.

ఆపైన కొక్కెంతో ఉంగరాన్ని పట్టి మెల్లగా ఇవతలికి లాగింది. ఎరుపును ఎరుపులో దూర్చింది. మెత్త మీద మోకరిల్లి, ఆయాసం తీర్చుకుంటూ మేకులు కొట్టింది. మధ్యలో ఒకసారి చాలాసేపు లేవలేదు. క్యాంపంతా నోరు మూసుకుంది. నా ఎరుకలో అలాంటిది అదే మొదలు.

కాఫీ పొగలు కక్కుతూ వచ్చింది. సీత్స్కే కప్పు అందుకుని గుడారాన్ని ఎగాదిగా చూసింది.

"ఆ చివరి మేకు వంకరగా ఉందమ్మా."

"ఉండనీ. నేను కొట్టింది."

సీత్స్కే సగం కప్పు తాగి ఫోను తీసింది. "ట్రైలర్ గురించి మాట్లాడాం కదండీ... అమ్మడం లేదు. లేదండీ, వచ్చే ఏడు కూడా లేదు." ఫోను జేబులో పెట్టుకుని, తల్లి మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంకో కప్పు పొయ్యి," అంది.

అంతలో ఇంకో బండి గేటు దాటి వచ్చింది. కుర్చీలు అటు తిరిగాయి, రెన్స్కే కుర్చీ కూడా. వచ్చిన కుర్రజంట గుడారాన్ని తలకిందులుగా విప్పడం మొదలుపెట్టింది. యోఖెమ్ లేవబోయాడు. ఈసారి ఆయన చొక్కా పట్టింది నేను కాదు.

"కూర్చో తమ్ముడూ. పిలిస్తే ఇద్దరం వెళ్దాం," అంది రెన్స్కే.

పన్ను నొప్పి వచ్చినవాడిలా మూలుగుతూ యోఖెమ్ కూర్చున్నాడు.