ఎందుకు అమ్మిన్రని అడిగే సార్

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కోరుట్లలో ఒక ఇల్లు కొలుస్తున్నాను. పని వదిలేసి జగిత్యాల బస్సెక్కాను. నేను చేరేసరికి సార్‌ని వాకిట్లో పడుకోబెట్టారు. పంతులు పంచాంగం తిరగేసి నక్షత్రం మంచిది కాదన్నాడు. దినాలు కాగానే ఇంటికి తాళం వేసి, కొన్ని నెలలు విడిచిపెట్టాలట.

బ్యాంకు అప్పుల కోసం ఇళ్లకు విలువ కట్టడం సార్ పని. నాకు ఆ పని నేర్పింది ఆయనే. ఈమధ్య అదే వాడలో అమ్ముడైన అలాంటి ఇళ్లు ఏరి, వాటితో పోల్చి ధర కట్టాలి. అందరూ కొలతలూ రోడ్డు వెడల్పూ చూసి ఏరుతారు. సార్ మాత్రం అమ్ముడైన ఇంటి పక్కవాళ్ల దగ్గర కూర్చుని, చాయ్ తాగి, సంగతంతా రాబట్టేదాకా లేచేవారు కాదు. "ఎంతకు అమ్మిన్రో అందరు చెప్తరు. ఎందుకు అమ్మిన్రో అడుగు" అనేవారు. ఆయన వెంట తిరిగి తాగిన చాయ్‌ల పుణ్యమా అని నాకిప్పటికీ కడుపులో మంటే.

సిరిసిల్లలో ఒకామె బట్ట నేసే కొత్త సాంచాలు కొనడానికి ఇల్లు కుదువ పెడతానంది. పక్కిల్లు మొన్ననే అమ్ముడైందని, అదే ధర కట్టమని బ్యాంకు కుర్రాడు తొందరపెట్టాడు. ఆ పక్కింట్లో మనిషి చెడ్డ నక్షత్రంలో పోతే, తాళం వేసి, వచ్చినకాడికి అమ్మేసుకున్నారు. సార్ ఎదురింట్లో చాయ్ తాగి ఆ సంగతి రాబట్టి, బ్యాంకు కుర్రాడి వైపు తిరిగారు.

"అది ఇంటి ధర కాదు తమ్మీ, భయం ధర. గా భయాన్ని తెచ్చి గీమె గోడలకెందుకు రుద్దుతవ్?"

నన్ను వేరే ఇళ్లు వెతకమని వెనక వాడకు పంపించారు.

ఇప్పుడు సార్ ఇంటికే తాళం. నేను పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్య అద్దె గదికి మారింది. ఆమెకున్న ఆధారం ఆ ఇల్లొక్కటే. దినాలు కాగానే ఒక బ్రోకర్ తిరగడం మొదలుపెట్టాడు. "గసొంటి ఇల్లు ఎవలు కొంటరమ్మా? సగం ధరకైతే నేనే తీసుకుంట" అన్నాడట. ఇచ్చెయ్యమని చుట్టాలూ పోరు పెట్టారు.

"నువ్వు చెప్పు బిడ్డా, ఏం చేద్దాం?" అని పెద్దమ్మ అడిగింది.

ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. మూసిన కిటికీ వెనక ఆయన నిలబడి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. అంత ప్రేమించిన మనిషికి భయపడుతున్నానే అని ఏడుపొచ్చింది. ఇప్పుడే అమ్మవద్దని మాత్రం పెద్దమ్మకు చెప్పి వచ్చేశాను.

మళ్లీ వెళ్లేసరికి గడువు తీరకుండానే తాళం తీసి ఉంది. పెద్దమ్మ వాకిలి ఊడుస్తోంది.

"బ్రోకర్ అచ్చిండు. లోపలికి రమ్మన్న. గేటు దాటలే" అని నవ్వింది. నేనూ గడప దగ్గరే ఆగడం చూసి చీపురు పక్కన పెట్టింది. "భయమెందుకు బిడ్డా? ఉంటే ఆయననే ఉంటడు గదా. పరాయోడా?"

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. సార్ గదిలో మంచం మీద పక్క పరిచి ఉంది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. అలవాటుగా స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"ఆపకు బిడ్డా" అంది పెద్దమ్మ వెనక నుంచి. "ఆయనకు ఉక్కపోస్తది."